దుబ్బ తొవ్వలు, కరిగెట బురద, బోరు నీళ్లు: జీపునూ ట్రాక్టరునూ ఇంటి షెడ్డులోనే చూసుకునేవాళ్ల కోసం

పాత జీపయినా, కొత్త ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలూ లాగే బండి) అయినా, పొలం ట్రాక్టరయినా, సర్వీసు బుక్కులో మొదట కనిపించే కిలోమీటర్లు, గంటల లెక్క మామూలు రోడ్డుకూ మామూలు దున్నకానికీ వేసింది. దుమ్ములో, బురదలో, నీళ్లలో తిరిగితే ఇంకా ముందే చూడాలన్న మాట దాని కిందెక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది. దేవరకొండ, అచ్చంపేట వైపు ఎర్రదుబ్బ తొవ్వల్లో తిరిగే జీపులకైనా, మిర్యాలగూడ ఆయకట్టులో కేజ్‌వీల్స్ వేసుకుని కరిగెట (నాట్లకు ముందు నీళ్లలో బురద దున్నకం) చేసే ట్రాక్టర్లకైనా వర్తించేది ఆ చిన్న అక్షరాల మాటే. మన దగ్గర బండి తిరిగిన దూరంతో పాడవదు, లోపలికి పోయిన దుమ్ముతో, నీళ్లతో పాడవుతుంది. అందుకే ఇంట్లో పానాలు పట్టేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: అవి ఏ సందులోంచి లోపలికి పోతున్నాయో తెలుసుకుని ఆ సందును కాపాడండి. ఇంజను విప్పడం, గేర్‌బాక్సు దింపడం లాంటి పెద్ద పనులు మెకానిక్కుకు వదిలేసినా నష్టం లేదు. ఈ కాపలా మాత్రం షెడ్డుకు పోయినప్పుడే చేయించుకుందామంటే కుదరదు.

ఇంజను పీల్చే గాలి

2.5 లీటర్ల డీజిల్ ఇంజను 2000 ఆర్‌పీఎంలో నడుస్తుంటే నిమిషానికి రెండు వేల లీటర్లకు పైగా గాలి పీలుస్తుంది. ముందు పోయే బండి లేపిన దుబ్బ కూడా ఆ గాలితోనే వస్తుంది. మన ఎర్రనేలలు గ్రానైటు చితికి ఏర్పడ్డవి. వాటిలోని క్వార్ట్జ్ రేణువులు లైనరు ఇనుముకన్నా గట్టివి. ఫిల్టరు దాటిన దుబ్బ ఆయిల్‌తో కలిసి రింగుల పక్కన చేరిందంటే రింగులనూ లైనరునూ కలిపి అరగదీస్తుంది.

పాత జీపుల్లో, చాలా ట్రాక్టర్లలో ఉండేది ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనరు. దాని కింది గిన్నెను పొద్దున స్టార్టు చేయకముందే విప్పి చూడాలి. జాలీకి అంటిన ఆయిల్ రాత్రంతా కిందికి దిగి ఉంటుంది కాబట్టి లెవెల్ సరిగ్గా తెలుస్తుంది. ఆయిల్ పైకి తేటగా కనబడినా నమ్మొద్దు, అడుగున వేలు పెట్టి చూడండి. మడ్డి ఒక సెంటీమీటరు దాకా పేరుకుంటే మొత్తం పారబోసి, గిన్నెను డీజిల్‌తో కడిగి తుడిచి, ఇంజనుకు వాడే గ్రేడు ఆయిల్‌నే గీత దాకా పోయాలి. గీత దాటించొద్దు. ఎక్కువ ఆయిల్ ఉంటే ఎక్కువ దుమ్ము పడుతుందని నిండా పోసేవాళ్లున్నారు. ఎక్కువైన ఆయిల్‌ను ఇంజను పీల్చేస్తుంది. డీజిల్ ఇంజనుకు అదీ ఇంధనమే కాబట్టి స్టాపు లాగినా ఆగకుండా రేసు అందుకునే ప్రమాదం ఉంది. పైన ఉండే జాలీని కూడా అప్పుడప్పుడు డీజిల్‌లో జాడించి, పూర్తిగా ఆరాకే బిగించాలి. గిన్నె అంచున ఉండే రబ్బరు రింగు గట్టిపడి పగిలితే కిందున్న ఆయిల్ ఎంత మంచిదైనా లాభం లేదు, గాలి పక్క సందు నుంచి పోతుంది. దుబ్బలో రోటవేటరు తిరిగే రోజుల్లో ఇదంతా రోజూ చూడాల్సిందే. ట్రాలీతో రోడ్డు మీద తిరిగే రోజుల్లో వారానికోసారి చూస్తే సరిపోతుంది.

పేపరు ఫిల్టరు ఉన్న బండ్లలో జనం చేసే తప్పు దీనికి తలకిందులు. మాటిమాటికీ విప్పి టైరుకేసి కొడతారు. ఆ దెబ్బకు ఫిల్టరు అంచు వంగుతుంది, మూతలో సరిగ్గా కూర్చోదు, ఆ సందులోంచి దుమ్ము సాఫీగా పోతుంది. కంప్రెసరు గాలి బయటినుంచి కొట్టినా తప్పే, దుమ్ము కాగితంలోకి ఇంకా దిగిపోతుంది. ఊదితే లోపలినుంచి బయటికే ఊదాలి. ఒత్తిడి 30 పీఎస్ఐ దాటకూడదు, నాజిలును కాగితానికి కాస్త దూరంగా పట్టుకోవాలి. తర్వాత చీకట్లో ఫిల్టరు లోపల లైటు పెట్టి తిప్పి చూడండి. ఎక్కడైనా చుక్కలా వెలుతురు బయటపడితే ఆ ఫిల్టరు పని అయిపోయినట్టే. లోపల ఇంకో చిన్న ఫిల్టరు, అదే సేఫ్టీ ఎలిమెంటు, ఉంటే దాన్ని ఊదడం, కడగడం అసలు చేయొద్దు. అది మురికి పట్టిందంటే బయటి ఫిల్టరు కారుతోందని అర్థం. రెండూ మార్చాలి. డబ్బా అడుగున ఉండే రబ్బరు మూతిని రోజూ రెండు వేళ్లతో నొక్కి దుబ్బ రాల్చండి. అది ఊడిపోయిన ట్రాక్టర్లు సంతలో బారుగా కనిపిస్తాయి.

అసలు పరీక్ష ఫిల్టరు దాటాక ఉంటుంది. ఎయిర్ క్లీనరు నుంచి ఇంజనుకు పోయే రబ్బరు పైపును ఇంజను వైపు విప్పి, తెల్లటి పొడిగుడ్డతో లోపలి గోడ తుడవండి. గుడ్డకు ఎర్రగా అంటితే ఎక్కడో లీకు ఉంది. క్లిప్పు వదులైందా, పైపు అడుగు భాగం పగిలిందా చూడండి. పైపు పగులు పైకి కనబడదు, వంచితేనే తెరుచుకుంటుంది. ఇప్పటికే దుమ్ము తిన్న ఇంజను అయితే ఐడిల్‌లో ఉన్నప్పుడు ఆయిల్ పోసే మూత వదులు చేస్తే పొగ గుప్పుగుప్పున తన్నుతుంది, ఆయిల్ తుంపర్లు కూడా పడతాయి. కొద్దిపాటి ఆవిరి మామూలే.

వాగు దాటి వచ్చాక

ఆయిల్ సీలు అనేది లోపలి ఆయిల్‌ను బయటికి రానీయకుండా ఆపేందుకు చేసింది, బయటి నీటిని ఆపే శక్తి దానికి తక్కువ. బ్రేకులు పడి వేడెక్కిన హబ్బు, వేడి మీదున్న యాక్సిలు ఒక్కసారిగా చల్లటి నీళ్లలో మునిగితే లోపలి గాలి కుంచించుకుపోయి సీలు పెదవి పక్కనుంచి నీటిని లోపలికి లాక్కుంటుంది. అందుకే డిండి వాగులోనో మూసీలోనో దిగేముందు ఒడ్డున పది పదిహేను నిమిషాలు ఆగితే బండికి మేలు. యాక్సిలు మీద, గేర్‌బాక్సు మీద, ముందు, వెనక యాక్సిళ్లకు బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసు మీద లోపలి గాలి పోయి వచ్చే చిన్న బ్రీదరు ఉంటుంది. అది దుబ్బతో మూసుకుపోతే వేడికి ఉబ్బిన గాలి సీలును తన్నుకుని బయటికొస్తుంది, చల్లబడ్డాక అదే తొవ్వలో నీళ్లు పోతాయి. ఆయిల్ కారుతోందని సీలు మార్చి, నెల తిరక్కుండానే మళ్లీ కారుతోందని తిట్టుకునేవాళ్లు ముందు బ్రీదరు విప్పి డీజిల్‌లో కడిగి, నోటితో ఊది చూడాలి. తరచుగా నీళ్లల్లో దిగే బండికి బ్రీదరు స్థానంలో ఒక నిప్పిల్ వేసి, డీజిల్ పైపు లాంటి రబ్బరు గొట్టాన్ని బ్యాటరీ ఎత్తు దాకా తీసుకెళ్లి, చివర కిందికి వంచి కట్టడం తక్కువ ఖర్చులో అయ్యే మంచి పని. గొట్టం సైలెన్సరుకు తగలకుండా చూడండి.

నీళ్లు పోయాయో లేదో తెలుసుకోవడానికి ఆయిల్ అంతా దింపక్కరలేదు. బండిని చదునైన చోట రాత్రంతా కదపకుండా ఉంచండి. నీళ్లు ఆయిల్‌కన్నా బరువు కాబట్టి అడుగుకు చేరతాయి. పొద్దున డ్రెయిన్ ప్లగ్గును పూర్తిగా తీయకుండా వదులు చేసి, గాజు సీసాలో నాలుగు చుక్కలు పట్టండి. ముందు నీళ్లు వస్తే ఉన్నట్టే. ఆయిల్ అప్పటికే పాలెక్కువైన చాయ్ రంగుకు మారితే నీళ్లు కలిసిపోయి నలిగాయని అర్థం, అప్పుడు మొత్తం దింపాలి. దింపాక కొత్త ఆయిల్ పోసి కొద్దిదూరం నడిపి, తేట పడకపోతే ఇంకోసారి మార్చాలి.

ఇక్కడ ఒక వరుస తప్పకూడదు: డ్రెయిన్ ప్లగ్గు విప్పేముందు ఆయిల్ పోసే ప్లగ్గు వదులవుతుందో లేదో చూడండి. పాత జీపుల్లో పై ప్లగ్గు తుప్పుతో బిగుసుకుని ఉంటుంది. కింద అంతా దింపేసి, పైది రాక కూర్చుంటే బండి కదలదు. ప్లగ్గు చివర అయస్కాంతం ఉంటే దాని మీద బూడిదరంగు మెత్తటి ముద్ద ఉండటం మామూలే. గోరుకు తగిలే పెచ్చులు వస్తే పన్నో బేరింగో పోతోంది. కొత్త ఆయిల్‌ను పోసే రంధ్రం కింది అంచు దాకా, బండి చదునుగా నిలబడి ఉండగా పోయాలి.

ఏ ఆయిల్ అన్నదాంట్లో గందరగోళం ఎక్కువ. వెనక డిఫరెన్షియల్‌లో క్రౌన్, పినియన్ పళ్లు ఒకదానిమీద ఒకటి జారుతూ తిరుగుతాయి, దానికి జీఎల్-5 రకం గేర్ ఆయిల్ కావాలి. గేర్‌బాక్సులో గేర్లు సాఫీగా పడేలా చేసే సింక్రో రింగులు ఇత్తడివైతే జీఎల్-5లోని గంధకం మందులు ఇత్తడిని తినే అవకాశం ఉంది, అక్కడ బుక్కు అడిగేది సాధారణంగా జీఎల్-4. రెండు డబ్బాల మీదా 80డబ్ల్యూ-90 అనే ఉండొచ్చు. ఆ నంబరు చిక్కదనం మాత్రమే చెబుతుంది. 'గేర్ ఆయిల్ ఇవ్వు' అని అడిగితే దుకాణంలో చేతికందింది ఇస్తారు, జీఎల్ నంబరు చూసి తీసుకోండి.

ఇక నీళ్లలో ఇంజను ఆగిపోతే సెల్ఫు కొట్టకండి. సిలిండరులో నీళ్లుంటే పిస్టను వాటిని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. బండిని ట్రాక్టరుతో బయటికి లాగి, ఎయిర్ క్లీనరు విప్పి తడి చూసి, తడి ఉంటే ఇంజెక్టర్లు గానీ గ్లో ప్లగ్గులు గానీ తీసి, చేత్తో ఇంజనును తిప్పి నీళ్లు వెళ్లగొట్టాకే ముందుకు పోవాలి.

హబ్బు బేరింగు, గ్రీజు

కరిగెటలో తిరిగే ట్రాక్టరు ముందు చక్రాల హబ్బులు, కింగ్ పిన్నులు (ముందు చక్రాలు పక్కకు తిరిగే పిన్నులు), ముందు యాక్సిలు నడిమి పిన్ను గ్రీజుతోనే బతుకుతాయి. చాలామంది పొద్దున పనికి పోయేముందు కొడతారు. నా లెక్కలో పని అయిపోయిన సాయంత్రమే కొట్టడం మేలు. బురద నీళ్లు రాత్రంతా బేరింగులో నిలిస్తే తుప్పు మొదలవుతుంది. సాయంత్రమే కొత్త గ్రీజు పోతే బురద కలిసిన పాత గ్రీజు బయటికి వచ్చేస్తుంది. నిప్పిల్‌ను ముందు గుడ్డతో తుడవాలి, లేకపోతే దానిమీది మట్టినే లోపలికి ఎక్కించినట్టు. మట్టిరంగు పోయి తేట గ్రీజు కనిపించేదాకా కొట్టండి. కడిగిన రోజు కూడా కడిగాకే గ్రీజు. ఎన్ఎల్‌జీఐ 2 రకం లిథియం గ్రీజు చాలా చోట్లకు సరిపోతుంది. నీళ్ల పనికి కాల్షియం సల్ఫొనేట్ గ్రీజు ఇంకా బాగా ఆగుతుంది గానీ ఉన్నదానిమీద ఇంకో రకం కలపకూడదు. కొన్ని జంటలు కలిస్తే మెత్తబడి కారిపోతాయి. మార్చాలంటే పాతది పూర్తిగా కడిగాకే.

ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసుకు, అంటే దాని నాలుగు కొనల కీలుకు, గ్రీజు కొట్టేటప్పుడు నాలుగు కప్పుల వైపూ కన్నేసి ఉంచండి. నాలుగింటినుంచీ గ్రీజు పొంగితేనే పని అయినట్టు. మూడు పొంగి ఒకటి పొంగకపోతే దానికి గ్రీజు అందడం లేదు, పోయేది ఆ కప్పే. షాఫ్టును పక్కకు వంచి పట్టి, మళ్లీ కొట్టి చూడండి. అప్పటికీ రాకపోతే క్రాసు మార్చడమే. అదే షాఫ్టు జారుడు భాగంలో మాత్రం నిండా కుక్కకూడదు, లోపల గ్రీజు అడ్డుపడి షాఫ్టు కుదించుకోలేక గేర్‌బాక్సు సీలు మీద తోస్తుంది.

జీపు ముందు హబ్బు బేరింగుకు గ్రీజు గన్ను సరిపోదు, విప్పి ప్యాక్ చేయాలి. చక్రాన్ని లేపి, స్టాండు పెట్టి, టైరును పైనా కిందా పట్టి ఊపండి. ఆట (వదులు కదలిక) ఉంటే ఇంకొకరిని బ్రేకు తొక్కమనండి. తొక్కగానే ఆట పోతే బేరింగు వదులు, తొక్కినా ఉంటే కింగ్ పిన్నులోనో బాల్ జాయింటులోనో అరుగుదల. విప్పిన బేరింగును కిరోసిన్‌లోనో డీజిల్‌లోనో కడిగి, గుడ్డ మీద ఆరనివ్వండి. ఎయిర్ గన్నుతో గిర్రున తిప్పడం సరదాగా ఉంటుంది గానీ ఆయిల్ లేకుండా ఆ వేగంలో తిరిగితే రోలర్లు గీసుకుపోతాయి, రోలర్లను పట్టి ఉంచే కేజు విరిగి ఎగిరిపడొచ్చు. రోలరు మీద నీలం రంగు తిరిగిన మచ్చ ఉంటే వేడి తిన్నది. గోటికి గుంట తగిలినా అంతే. బేరింగు మారిస్తే హబ్బులో ఉన్న దాని గిన్నెనూ మార్చాలి, పాత గిన్నెలో కొత్త బేరింగు నిలవదు.

ప్యాక్ చేయడం చేతి పని. ఎడమ అరచేతిలో నిమ్మకాయంత గ్రీజు పెట్టుకోండి. బేరింగు వెడల్పాటి అంచును గ్రీజులోకి గుచ్చుతూ అరచేతి అంచుకు లాగండి. రోలర్ల మధ్యనుంచి పైవైపు గ్రీజు పురుగుల్లా తేలేదాకా అలాగే గుచ్చి, కొద్దిగా తిప్పి మళ్లీ గుచ్చండి. చుట్టూ వచ్చాక పైన ఇంకో పూత. హబ్బు లోపలి ఖాళీలో మాత్రం మూడో వంతుకు మించి పెట్టొద్దు. నిండా కుక్కితే వేడెక్కి, సీలు దాటి బ్రేకు లైనరు మీద పడుతుంది. సీలు ఎప్పుడూ కొత్తదే వేయండి. నట్టు బిగించేటప్పుడు చక్రాన్ని చేత్తో తిప్పుతూ, బరువు తగిలేదాకా బిగించి, ఆరో వంతు నుంచి పావు చుట్టు వెనక్కి వదలాలి. అప్పుడు చక్రం సాఫీగా తిరగాలి, ఊపితే ఆట ఉండకూడదు. లాక్ వాషరు అంచు వంచడం మరవకండి. మర్నాడు ఇరవై కిలోమీటర్లు తిరిగొచ్చి హబ్బు మీద చెయ్యి పెట్టండి. చెయ్యి ఆనించలేనంత కాలితే నట్టు బిగువైంది.

రేడియేటరు

నల్లగొండ నీళ్లంటే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది. రేడియేటరుకు చేటు చేసేవి మాత్రం బోరు నీళ్లలోని సున్నం, ఇతర లవణాలు. చాలా ఊళ్లలో హీటరు కాయిల్ మీద పట్టే తెల్లటి పొరే రేడియేటరు గొట్టాల్లో, ఇంజను బ్లాకులో కూడా పడుతుంది. నీరు ఆవిరైన ప్రతిసారీ ఇంకో చెంబు బోరు నీళ్లు పోస్తే ఆవిరి పోతుంది, సున్నం మిగులుతుంది. మొదట ఎండాకాలం ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రమే వేడి చూపే ముల్లు పైకి పోతుంది, రెండేళ్లకు చలికాలంలోనూ పోతుంది. తాగే ఫిల్టరు నీళ్లు కొంత నయమేగానీ సరిపోవు. బ్యాటరీ దుకాణంలో దొరికే డిస్టిల్డ్ వాటరులో కూలెంటు కలిపి పోయండి. మన దగ్గర గడ్డకట్టే చలి లేదు కాబట్టి డబ్బా మీద రాసిన తక్కువ పాళ్లు, చాలావాటికి మూడింట ఒక వంతు, సరిపోతాయి. అంటే తొమ్మిది లీటర్లు పట్టే చోట మూడు లీటర్ల కూలెంటు, ఆరు లీటర్ల నీళ్లు. రంగు చూసి కలపొద్దు, రెండు రకాలు కలిస్తే మడ్డి కట్టొచ్చు.

రాగి, ఇత్తడి రేడియేటరున్న పాత బండికి పొర తీయాలంటే కిరాణంలో దొరికే నిమ్మ ఉప్పు లీటరుకు 50 గ్రాముల చొప్పున కలిపి, ఇంజనును అరగంట నడిపి, చల్లబడ్డాక దింపండి. బ్లాకు పక్కన ఉండే చిన్న కాక్ (కుళాయి) కూడా తెరవాలి, లేకపోతే సగం పాత నీళ్లు అందులోనే ఉండిపోతాయి. తేట నీళ్లు వచ్చేదాకా కడగండి. పొర అడ్డం ఉండి ఆగిన చిల్లులు అప్పుడు బయటపడి కారొచ్చు, దానికి సిద్ధపడే చేయండి. అల్యూమినియం రేడియేటరుకు ఈ పని చేయొద్దు, దానికి పనికొచ్చేదని డబ్బా మీద రాసిన ఫ్లష్ వాడండి.

వేడెక్కుతోందని థర్మోస్టాటు, అంటే ఇంజను వేడెక్కేదాకా నీళ్లను రేడియేటరుకు పోనీయని వాల్వు, పీకేయడం మన షెడ్లలో ఎక్కువ. నేను దీన్ని ఒప్పుకోను. చల్లటి ఇంజనులో డీజిల్ పూర్తిగా మండక ఆయిల్‌లోకి దిగుతుంది, రింగులు తొందరగా అరుగుతాయి. పీకేముందు పరీక్షించండి: గిన్నెలో నీళ్లు పోసి, థర్మోస్టాటును అడుగుకు తగలకుండా దారంతో వేలాడదీసి, పొయ్యి మీద పెట్టి, పక్కన థర్మామీటరు ఉంచండి. దాని మీదే ఉష్ణోగ్రత కొట్టి ఉంటుంది, చాలావాటికి 80 డిగ్రీల పైచిలుకు. ఆ దగ్గర తెరుచుకోవడం మొదలై, నీళ్లు మరిగేలోపు బాగా తెరుచుకోవాలి. తెరుచుకోకపోతే కొత్తది వేయండి.

పత్తి ఏరే రోజుల్లో, వరికోతప్పుడు రేడియేటరు ముందు జాలీ నిండా దూది, పొట్టు చేరుతుంది. గాలిని ఫ్యాను వైపునుంచి ముందుకు కొట్టాలి, వచ్చిన తొవ్వనే పంపాలి. వాటరు గన్నును దగ్గరగా, వాలుగా పట్టారంటే రెక్కలు వంగి అసలుకే గాలి పోదు. రేడియేటరు మూత కూడా భాగమే. 13 పీఎస్ఐ మూత సరిగ్గా ఉంటే లోపలి నీరు 118 డిగ్రీల దాకా మరగదు. రబ్బరు చెడితే వందకే మరిగి పొంగుతుంది. వేడి మీద ఆ మూత తీయకపోవడానికి కారణం కూడా అదే, తీయగానే అంతా ఒక్కసారి మరిగి ముఖాన పడుతుంది.

బ్రేకు ఆయిల్ గాలిలో తేమను పీలుస్తుంది. కొత్త డాట్ 4 మరిగేది కనీసం 230 డిగ్రీల దగ్గర, తేమ పట్టాక ఆ కనీసం 155కు పడిపోతుంది. రెండేళ్లకోసారి మార్చండి, సీలు విప్పిన సగం డబ్బా దాచుకోకండి. వీల్ సిలిండరు రబ్బర్లను డీజిల్‌తోగానీ పెట్రోలుతోగానీ కడిగితే ఉబ్బి ఇరుక్కుంటాయి, బ్రేకు ఆయిల్‌తోనే కడగాలి. బ్యాటరీ గడుల్లో పోసేది డిస్టిల్డ్ వాటరు మాత్రమే, యాసిడ్ కాదు. రాత్రంతా ఆగిన బ్యాటరీ 12.6 వోల్టులు చూపాలి, ఇంజను నడుస్తుంటే 13.8 నుంచి 14.4 దాకా. ఇంకో మాట, పాత పద్ధతి ఫోర్ బై ఫోర్ గేరును తారు రోడ్డు మీద వేయకండి. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి, జారే నేల లేక ఆ తేడా అంతా షాఫ్టుల్లో మెలిపడుతుంది. గేరు ఇరుక్కుంటే కొద్దిగా రివర్సు పోతే వదులుతుంది.

షెడ్డులో యంత్రాలు

కంప్రెసరు ఊరికే దబ్బున ఆగుతోందని, మోటారు మూలుగుతోందని అనేవాళ్లలో సగం మందికి తప్పు కంప్రెసరులో ఉండదు, వైరులో ఉంటుంది. లెక్క చూడండి. 2 హెచ్‌పీ సింగిల్ ఫేజు మోటారు నడిచేటప్పుడు సుమారు 10 ఆంపియర్లు లాగుతుంది, లేచేటప్పుడు దానికి ఐదింతలు. ఇంటినుంచి షెడ్డుకు 30 మీటర్లు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేస్తే పోనూ రానూ 60 మీటర్లు, నిరోధం 0.73 ఓములు. లేచేటప్పుడు 50 ఆంపియర్ల దగ్గర ఆ వైరులోనే 36 వోల్టులు పోతాయి. ఊళ్లో కరెంటు సాయంత్రం 190 ఉందనుకుంటే మోటారుకు అందేది 154. అది లేవలేదు, మూలిగి మూలిగి కెపాసిటరునూ వైండింగునూ కాల్చుకుంటుంది. 4 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే అదే దూరంలో పోయేది 14 వోల్టులే. కొత్త మోటారుకన్నా వైరు చవక. ట్యాంకులో గాలి ఉండగా మోటారు ఆగి మళ్లీ లేవకపోతే మాత్రం అన్‌లోడరు వాల్వు చూడండి. ఆగగానే 'స్‌స్' మని పైపులో గాలి వదలాలి, వదలకపోతే మోటారు ఒత్తిడికి ఎదురుగా లేవాల్సి వస్తుంది.

ట్యాంకు అడుగు కాక్ రోజూ తెరవాలి. వానాకాలంలో వచ్చే నీళ్లు చూస్తే తెలుస్తుంది ఎందుకో. ఆ నీళ్లు నిలిస్తే ట్యాంకు లోపలినుంచి పలచబడుతుంది, పైన రంగు మాత్రం కొత్తగానే ఉంటుంది. అడుగున చెమ్మ చిల్లు పడ్డ ట్యాంకుకు వెల్డింగు పెట్టి వాడుకోవద్దు, ఆ చుట్టూ రేకంతా అంతే పలచగా ఉంటుంది, పేలితే మనిషి మిగలడు. సేఫ్టీ వాల్వు రింగును వారానికోసారి లాగి వదలండి. కంప్రెసరులో పోసేది కంప్రెసరు ఆయిలే. ఇంజను ఆయిల్‌లోని డిటర్జెంటు నీటిని తనలో కలుపుకుని ఉంచుతుంది, వాల్వు రేకుల మీద మసి కడుతుంది.

బండికి వెల్డింగు పెట్టేముందు బ్యాటరీ నెగెటివు తీసేయండి, కొత్త బండ్లలో ఆల్టర్నేటరు, ఈసీయూ (ఇంజను కంప్యూటరు) ప్లగ్గులు కూడా. ఎర్తు క్లాంపును అతుకు పక్కనే, రంగు గీకి పెట్టండి. దూరంగా ఛాసిస్ మీద పెడితే కరెంటు బేరింగుల గుండా పోయి రోలర్ల మీద చుక్కలు కాలుస్తుంది. 3.15 మిల్లీమీటర్ల 6013 రాడ్డుకు 100 నుంచి 130 ఆంపియర్లు, 2.5కు 60 నుంచి 90. హుక్కు, డ్రాబారు లాంటి బరువు లాగే చోట 7018 రాడ్డు వాడేవాళ్లు దాన్ని తడిగా వాడితే 6013కన్నా అన్యాయం. తేమలోని హైడ్రోజను అతుకు పక్కన కంటికి కనబడని పగులు తెస్తుంది. టైరు ఎక్కి ఉన్న రిమ్ముకు వెల్డింగు ఎప్పుడూ పెట్టొద్దు, గాలి తీసేసినా సరే. వేడికి టైరులోంచి పుట్టే వాయువు అంటుకుని పేలుతుంది. డీజిల్ ట్యాంకు సంగతీ అంతే.

జాకీ లేపడానికే, మోయడానికి కాదు. లోపలి ఒక్క రబ్బరు రింగు జారితే బండి కిందికొస్తుంది. స్టాండు లేకుండా బండి కిందికి, ప్రాపు లేకుండా ఎత్తిన ట్రాలీ కిందికి తల పెట్టకండి. గుట్ట రాళ్లు పేర్చి స్టాండు చేయడం మన దగ్గర అలవాటే గానీ గ్రానైటు అంచుమీద భారం పడితే ఉన్నట్టుండి పెచ్చు లేస్తుంది. నల్లరేగడిలో అయితే జాకీ కింద రెండంగుళాల మందం చెక్క వేయండి. జాకీ సగం దాకే లేస్తోందంటే ఆయిల్ తక్కువో, గాలి పట్టిందో. రామ్‌ను (పైకి లేచే రాడ్డును) పూర్తిగా దింపి హైడ్రాలిక్ ఆయిల్ నింపి, వదిలే స్క్రూ తెరిచి హ్యాండిలును పది పదిహేనుసార్లు కొడితే గాలి పోతుంది. బ్రేకు ఆయిల్ పోస్తే లోపలి రబ్బర్లు చెడతాయి. పని అయ్యాక రామ్ దింపే ఉంచండి, బయట ఉన్న రాడ్డుకు తుప్పు పడితే సీలును కోస్తుంది.

బెంచి గ్రైండరు కొత్త రాయి బిగించేముందు దాని రంధ్రంలో వేలు పెట్టి వేలాడదీసి, స్క్రూడ్రైవరు కర్ర పిడితో పక్కన తట్టండి. ఖంగుమనాలి. మొద్దుగా మోగితే లోపల పగులుంది, బిగించొద్దు. రాయికీ ముందు రెస్టుకూ మధ్య 3 మిల్లీమీటర్లకు మించి ఖాళీ ఉంటే పట్టిన ముక్క లోపలికి ఇరుక్కుని వేలిని కూడా లాగుతుంది. రాయి అరిగే కొద్దీ రెస్టును దగ్గరికి జరపాలి. చేతి గ్రైండరు గార్డు తీసేసి పెద్ద డిస్కు వేయడం ఎక్కడ చూసినా కనిపిస్తుంది. నాలుగంగుళాల గ్రైండరు నిమిషానికి పదకొండు వేల చుట్లు తిరుగుతుంది, ఏడంగుళాల డిస్కు తట్టుకునేది ఎనిమిదిన్నర వేలే. డిస్కు నడిమి లోహపు రింగు మీద గడువు నెల, సంవత్సరం కొట్టి ఉంటాయి. రేకుల షెడ్డులో రెండు వానాకాలాలు తేమ తాగిన పాత డిస్కు చూడ్డానికి బాగానే ఉన్నా, గడువు దాటితే విరిచి పారేయండి.